తాళం వేసి ఉంటే పక్కింటికి వెళ్లండి

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే ముందు రిటైరవ్వాలంటారు. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఆ ఉద్యోగం నేను చేసింది ఏడాదిన్నర, వాళ్లు పీకేసేదాకా. అయినా రాస్తున్నాను. ఎందుకంటే స్టాటిస్టిక్స్‌లో పీజీ పూర్తిచేసి సర్వే సంస్థల్లో చేరబోయే పిల్లలు నాకు మెసేజ్‌లు పెడుతున్నారు. "అక్కా, ఫీల్డ్ సర్వే జాబ్ బాగుంటుందా? లాప్‌టాప్ ఇస్తారా?" ఇస్తారు తల్లీ. లాప్‌టాప్ ఇస్తారు, టీషర్టు ఇస్తారు, మెడలో వేసుకోవడానికి కార్డు ఇస్తారు. బుర్ర మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. నేను మర్చిపోయి వెళ్లాను.

పని ఇదీ. నెల్లూరు జిల్లా పడమటి వైపు, అంటే ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల, పిల్లలు బడి మానేసి పనుల్లోకి ఎందుకు వెళ్తున్నారో తేల్చాలి. ఊరి ఇళ్ల జాబితా తీసుకుని, అందులోంచి చీటీలు తీసినట్టు కొన్ని ఇళ్లు ఎంచుతాం. ఆ ఇళ్లకు మనుషుల్ని పంపి ట్యాబ్‌లో ప్రశ్నలు నింపిస్తాం. తండ్రి ఎంత చదివాడు, పొలం ఉందా, బడి ఎంత దూరం, ఏడాదిలో వలస వెళ్తారా. అన్నీ వచ్చాక, పిల్లల్ని పనిలోకి తోస్తున్న కారణాల్లో దేని బలం ఎంతో కంప్యూటర్‌తో లెక్కకట్టిస్తాం. ఆ లెక్క కట్టేది నేను. హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్లో ఫీల్డ్ వాళ్లను తరమడం కూడా నా పనే. రెండో పని నాకు ఇంకా బాగా వచ్చు.

అప్పటికి నేను ఉదయగిరి మొహం చూడలేదు. నాకది ఫోన్ తెరమీద ఒక చుక్క. ఆ చుక్క మీద వేలు పెడితే ఆ రోజు ఎన్ని ఇళ్లు పూర్తయ్యాయో చూపించేది. పొద్దున పళ్లు తోముకుంటూ చూసేదాన్ని, బస్సులో చూసేదాన్ని, అమ్మ అన్నం పెడుతుంటే కంచం పక్కన పెట్టుకుని చూసేదాన్ని.

ఎంచిన ఇల్లు తాళం వేసి ఉంటే ఏం చేయాలన్నదానికి ఒక రూల్ ఉంటుంది. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు వెళ్లాలి. అప్పటికీ తాళమే ఉంటే దాని పక్క ఇల్లు తీసుకోవాలి. మా సర్వే ఫిబ్రవరిలో మొదలైంది. రిపోర్టు మార్చిలో ఇవ్వాలి. టైం సరిపోదని మూడుసార్లను ఒకసారి చేశాను. ఎవర్నీ అడగలేదు. ఫోన్లో టైపు చేసి ఫీల్డ్ వాళ్లందరి వాట్సాప్ గ్రూపులో పడేశాను: "తాళం వేసి ఉంటే పక్కింటికి వెళ్లండి." ఐదు ముక్కలు. సంతకం కూడా అక్కర్లేదు.

రోజూ సాయంత్రం ఐదింటికి అదే గ్రూపులో ఒక పట్టిక పెట్టేదాన్ని. టార్గెట్ దాటినవాళ్ల పేరు పచ్చగా, దాటనివాళ్లది ఎర్రగా. మొదటి వారమంతా ఎర్రగా ఉన్నది ఒక్కరే. ఉదయగిరికి దగ్గర్లోని ఒక పల్లె మనిషి, రిటైరైన ప్రైమరీ స్కూల్ మాస్టారు. వాళ్ల కాలనీ చర్చిలో పెద్ద. నెలకు ఏదో వస్తుందని కాదు, మన ఊరి పిల్లల గురించి కదా అని చేరాడని తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసింది గ్రూపులో అందరూ మాస్టారు అంటారని, ఆయన పేరు ఎర్రగా ఉందని మాత్రమే.

పట్టిక పెట్టగానే ఆయన దగ్గర్నుంచి ఫొటోలు వచ్చేవి. తాళం ఫొటో. ఇంకో తాళం ఫొటో. నీలం తలుపు మీద తాళం, తడిక మీద గొలుసేసి తాళం. కింద ఒక్క ముక్క రాసేవాడు కాదు. నన్ను వెక్కిరిస్తున్నాడనుకున్నాను. ఐదో రోజు గ్రూపులోనే అడిగేశాను.

"మాస్టారూ, తాళాల షాపు పెట్టారా?"

టపటపా నవ్వే బొమ్మలు పడ్డాయి. కాసేపటికి ఆయన జవాబు.

"లేదు మేడం. పెడితే ఈడ గిరాకీ బాగానే ఉంటాది."

దానికి ఇంకా ఎక్కువ నవ్వే బొమ్మలు పడ్డాయి. నాకు మండింది. వెంటనే ఫోన్ చేశాను.

"సార్, రూల్ చదివారా? తాళం ఉంటే పక్కింటికి వెళ్లమని పెట్టాను కదా!"

"చదివినాను మేడం. ట్రైనింగ్‌లో మూడుసార్లు పోయి చూడమంటిరే. ఒకసారికి ఎందుకు దించినారంటా?"

"టైం లేదు కాబట్టి."

"మనకు టైం లేదని వాళ్ల ఇల్లు తెరుచుకుంటాదా?"

"సార్, మీకు చేతకాకపోతే చెప్పండి, ఇంకొకర్ని పెట్టుకుంటాం. రేపట్నుంచి ఒక్క తాళం ఫొటో వచ్చినా ట్యాబ్ వెనక్కి ఇచ్చేయండి."

ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషితో అలా మాట్లాడాను.

"సరే మేడం. తెరిచి ఉండే ఇంటికే పోతాను."

నాలుగు రోజుల్లో ఆయన పేరు పచ్చబడింది. గ్రూపులో చప్పట్లు కొట్టే బొమ్మ పెట్టాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ వేలు నరుక్కోవాలనిపిస్తుంది.

డేటా వచ్చింది, లెక్క కట్టాను. పట్టిక అందంగా వచ్చింది. తల్లిదండ్రుల్లో అవగాహన లేకపోవడం, పిల్లలకు చదువు మీద ఆసక్తి లేకపోవడం, ఈ రెండూ పైన నిలిచాయి. వలసకు ఏ బలమూ లేదు. వలస వెళ్లడానికీ పిల్లలు పనిచేయడానికీ సంబంధం కనిపించలేదని నా చేత్తోనే రాశాను. మా ప్రాజెక్ట్ హెడ్ చదివి, "క్లీన్‌గా ఉంది, ఇలాంటివే కావాలి" అన్నాడు. పరిష్కారాల దగ్గర ర్యాలీలు, గోడల మీద నినాదాలు అని రాశాం. వలస కారణం కాదు కాబట్టి వలస పిల్లలకు హాస్టళ్లు అక్కర్లేదు అన్నది మేం రాయలేదు. చదివినవాళ్లకు దానంతటదే అర్థమవుతుంది.

రిపోర్టు ఇచ్చే ముందు ఒక తనిఖీ ఉంటుంది. ఇంటర్వ్యూలు నిజంగా జరిగాయా అని కొన్ని ఇళ్లకు ఫోన్ చేసి అడుగుతాం. మాస్టారి డేటా తీశాను. తాళం వేసిన ఇళ్లను నా మాట ప్రకారం వదిలేశాడు గానీ, ఒక్కో తాళం ఇంటికీ పక్కన గడిలో ఒక ఫోన్ నంబరు రాసిపెట్టాడు. తాళం ఇంటికి నంబరు ఎక్కడిది? దొరికాడనుకున్నాను. ఇంట్లో మనుషులు ఉండగానే తాళం ఫొటోలు పంపాడన్నమాట. మొదటి నంబరు నొక్కాను, గొంతు సవరించుకుని మరీ.

"హలో, ఎవురు?" ఆడపిల్ల గొంతు.

"సర్వే ఆఫీసు. మీ ఇంటికి మా మనిషి వస్తే ఎందుకు తాళం వేసి ఉంది?"

"మేం లేం గదా, అందుకని."

"ఎక్కడున్నారు?"

"గుంటూరు పక్క. మిరప్పళ్ల కోతకు వచ్చినాం. అమ్మా నాయనా చేన్లో ఉండారు. నేను నీళ్లకని గట్టు మీదకి వచ్చినాను. తొందరగా అడుగు, మేస్త్రి అరుస్తాడు."

"నీ వయసెంత?"

"పదమూడు."

"చదువుకుంటున్నావా?"

"ఎనిమిది."

"బడికి వెళ్తున్నావా?"

"పోతా ఉండా."

"చేన్లో ఉన్నానన్నావు కదే!"

"ఇప్పుడు యాడ పోయేదక్కా? పేరుండాది గదా బళ్లో."

ఈసారి తనే అడిగింది.

"అక్కా, సర్వే అంటివే, అయిపోయిందా అది?"

"ఎందుకు?"

"పోయిన రెండేళ్లూ మా బళ్లోనే హాస్టల్ పెట్టినారు, కోతకు పోయినోళ్ల పిల్లోళ్లకి. ఆడే తిని ఆడే పడుకునేవాళ్లం. ఈ తడవ సర్వే అయినాక చూస్తామన్నారంట. అది తీస్తే నాయన నన్ను పంపిచ్చేస్తానన్నాడు. ఈ నెలాఖరుకి తియ్యకపోతే ఇంక బడే వద్దంటాడు. ఏటా సగం సదువు, సగం కోత ఎందుకంట. ఏదో ఒకటే చెయ్యమంటాడు."

వెనక ఎవరో మగమనిషి కేకేశాడు. ఫోన్ పెట్టేసింది.

ఆ వరసలో మిగిలిన నంబర్లన్నీ నొక్కాను. ఎత్తినవాళ్లందరూ చేలల్లోనే ఉన్నారు. పిల్లలు వాళ్లతోనే ఉన్నారు. కోతకు వెళ్లినవాళ్ల ఇళ్లు తాళాలేసి ఉన్నాయి. తాళాలేసి ఉన్నాయి కాబట్టి వాళ్లను వదిలేశాం. వదిలేశాం కాబట్టి వలస కారణం కాదని తేల్చాం. జ్వరమొచ్చినవాళ్లు ఆస్పత్రికి వెళ్లిన సమయంలో ఊళ్లో తిరిగి, ఈ ఊళ్లో జ్వరాలే లేవని రాసినట్టు. డిగ్రీ మొదటి ఏడాదిలో చెబుతారు ఈ పాఠం. నాకందులో మంచి మార్కులే వచ్చాయి.

హెడ్‌కు చెబితే, "చివరి పేజీలో పరిమితులు అని ఒక పేరా ఉంటుంది కదా, అందులో ఒక లైన్ పెట్టు" అన్నాడు. నేను బ్యాగు సర్దుకుని నెల్లూరు బస్సెక్కాను. నెల్లూరులో ఆత్మకూరు బస్సు, ఆత్మకూరులో ఉదయగిరి బస్సు.

వస్తున్నానని ముందే ఫోన్ చేశాను, బస్టాండులో మాస్టారు మోపెడ్ మీద కూర్చుని ఉన్నాడు. బక్కపల్చని మనిషి, చొక్కా జేబులో రెండు పెన్నులు. క్షమించండి అనే మాట నోటిదాకా వచ్చింది, బయటికి మాత్రం ఇంకొకటి వచ్చింది.

"నాకు గట్టిగా చెప్పొచ్చు కదా సార్!"

"చెప్పినాను గదమ్మాయ్, పదహైదు ఫొటోలు పెట్టి. నువ్వేమో షాపు పెట్టినానా అంటివి."

కాలనీ ఊరికి కాస్త ఎడంగా ఉంది. ఒక పక్క చిన్న చర్చి, మాస్టారు ఆ ఫోన్ నంబర్లు దించుకున్నది దాని పుస్తకంలోంచేనట. చర్చి ముందు రెండు వరసల ఇళ్లు. ఫొటోల్లో చూసిన నీలం తలుపు, గొలుసేసిన తడిక. వరసంతా తాళాలు. కుక్కలు కూడా లేవు. రోడ్డు వైపు చివరింటి అరుగు మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. ఆ ఒక్క తలుపే తెరిచి ఉంది.

"మీరు పక్కిల్లు అన్నారు," మాస్టారు చేయి చాపి చూపించాడు. "ఈ ఇంటికి పక్కిల్లు తాళం. దాని పక్కదీ తాళం. ఈ అవ్వకాడికి వస్తే పిల్లోళ్లు లేరు, మీ ట్యాబ్ ఒప్పుకోదు. అట్లా పోతా పోతా రోడ్డు దాటి, ఊళ్లో పెద్ద రైతుల డాబాల కాడ తేలినాను. ఆ ఇళ్లల్లో పిల్లోళ్లు వ్యానెక్కి టౌన్‌లో చదువుకుంటా ఉండారు. అదే రాసినాను. మీరు చప్పట్లు కొట్టినారు."

పేదవాళ్ల ఇల్లు తీసి ఆసామి ఇల్లు పెట్టించాను. ఒక్క మెసేజ్‌తో.

అవ్వ నన్ను కిందికీ మీదికీ చూసి మాస్టార్ని అడిగింది. "ఎవుర్రా అయివారా, ఈ పిల్ల? వచ్చిన కాణ్నుంచీ ఆ ఫోన్లో మొకం పెట్టి ఉండాది. పెండ్లి కుదిరిందా ఏంది?"

"సర్వే మేడమవ్వా."

"మేడమా? బడికి పోతా బిస్కట్ తినే పిల్ల మాదిరుండాది."

వరసలో అందరూ కోతకు వెళ్లేటప్పుడు తాళంచెవులు ఈ అవ్వకు ఇచ్చిపోతారట, ఎన్నో ఏళ్లుగా. ఒక రేకు డబ్బా నిండా చెవులు. ఒక్కోదానికి ఒక్కో గుడ్డపీలిక ముడి. అవ్వకు చదువు రాదు. ఎర్ర పీలిక ఎవరిది, పూల పీలిక ఎవరిదని అడిగితే, ఇంటాయన పేరు, ఏ మేస్త్రితో ఏ ఊరు పోయింది, ఎంతమంది పిల్లల్ని తీసుకుపోయింది, ఆఖరికి ఎవరి పిల్లకు దగ్గుందో కూడా చెప్పింది. మా సంస్థ ఇళ్ల జాబితా కోసం కన్సల్టెంట్‌ను పెట్టుకుంది. ఆ కన్సల్టెంట్‌కు కారుంది.

మర్నాడు బుధవారం, ఆత్మకూరులో మీటింగు. డివిజన్ స్థాయి అధికారి ముందు మా రిపోర్టు చూపించాలి. హెడ్ హైదరాబాద్ నుంచి స్లైడ్లతో దిగాడు. ఆయన వలస స్లైడ్ దగ్గరికి రాగానే నేను లేచాను.

"సార్, ఇది తప్పు. కోతకు వెళ్లిన ఇళ్లు మా సర్వేలో లేవు."

అధికారి కళ్లద్దాలు తీశాడు. "ఎవరమ్మా చేసినది సర్వే?"

"నేనే."

"నువ్వు చేసినది నువ్వే తప్పంటా ఉండావా?"

"అవును సార్."

"ప్రయాణం బడలిక సార్," హెడ్ నవ్వాడు. "కొత్త అమ్మాయి."

అధికారి నవ్వలేదు. చెడ్డమనిషి కాడు. ఆయన అడిగింది సూటి ప్రశ్న. "హాస్టల్ కావాలని ఆ బడి వాళ్లు రాసినారు, నా టేబుల్ మీదే ఉండాది. శుక్రవారం నేను పైకి పంపించాల. కానీ మీ లిస్టులో ఆ ఊళ్లో పనికి పోయే పిల్లోళ్లు ఒక్కరూ లేరు. లేని పిల్లోళ్లకి హాస్టల్ ఇయ్యమని ఎట్లా రాసేది? మీ సర్వే కరెక్టయితే హాస్టల్ పన్లేదు. మీ సర్వే తప్పయితే దాన్ని పట్టుకుని నేను హాస్టల్ అడగలేను."

"మరేం చేయాలి సార్?"

"నన్నడుగుతావేంది? శుక్రవారం మధ్యాహ్నానికి లిస్టు ఎట్లుంటే అట్లా పోతాది."

బయటికొచ్చాక బస్ డిపో పక్కన టీ కొట్టు దగ్గర హెడ్‌తో గొడవ పెట్టుకున్నాను. టీ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని మమ్మల్నే చూస్తున్నారు.

"ఆ ఇళ్లు మళ్లీ చేద్దాం సార్. ఒక్క రోజు చాలు."

"ఎలా చేస్తావు? తాళాలున్నాయి కదా. ఇల్లు తెరిచి ఉంటేనే ఇంటర్వ్యూ. ప్రొటోకాల్."

"ఫోన్లో చేస్తాను."

"ఫోన్ ఇంటర్వ్యూలు ఒప్పుకోరు."

"వాళ్లొచ్చేదాకా ఆగుదామా మరి? వాళ్లొచ్చేసరికి బళ్లకు సెలవులిస్తారు. అప్పుడు వెళ్లి పిల్లలు బడికి ఎందుకు పోవట్లేదని అడుగుదామా?"

"చూడు, మనం స్టడీ చేస్తాం. సేవ చేయం." కారెక్కాడు. అద్దం దించి, "ఆవేశం తగ్గించుకో, పైకొస్తావు" అన్నాడు.

డేటా తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఏ ఇంటి ఫారం తెరవాలన్నా, మూయాలన్నా నా లాగిన్‌తోనే. గురువారం పొద్దున ఏడున్నరకు అవ్వ అరుగు మీద కూర్చుని, డాబా ఇళ్ల ఫారాలన్నీ పక్కన పెట్టి, మొదట ఎంచిన పదకొండు ఇళ్లనూ మళ్లీ తెరిచాను.

ఆ కాలనీలో ఫోన్ సిగ్నల్ ఆ అరుగు మీదే అందుతుంది. అందుకే కదల్లేదు. అవ్వ డబ్బాలోంచి ఒక చెవి తీసి, ఆ ఇంటి సంగతి చెబుతుంది. మాస్టారు నంబరు కలిపి, "నేను అయివార్ని, ఈ పిల్ల అడిగేవాటికి నిజం చెప్పండి" అంటాడు. ఫోన్ నాకిస్తాడు. నేను ట్యాబ్‌లో నింపుతాను. కోత ఆపి మాట్లాడితే మేస్త్రి ఊరుకోడు. కొందరు కోస్తూనే మాట్లాడారు, కొందరు అన్నం వేళకు చేయమన్నారు. ఒకావిడ నన్ను పెండ్లయిందా అని నాలుగు ప్రశ్నలు అడిగాకే నా ప్రశ్నలకు జవాబు చెప్పింది.

మొదటి నంబరులో మాట్లాడిన ఆ పిల్ల వాళ్ల నాయన మధ్యాహ్నం దొరికాడు.

"మీ అమ్మాయి ఈ వారం పని చేసిందా?"

"చేనుకాడ ఉండి ఊరికే ఉంటాదా? చేతులుండాయి, కోస్తాది."

"బడి మానడానికి కారణం ఏంటి? చదువుతాను, ఒకటి చెప్పండి. పేదరికం. బడి దూరం. పిల్లలకు ఆసక్తి లేకపోవడం. తల్లిదండ్రులకు అవగాహన లేకపోవడం. ఇతరం."

"అవగాహన అంటే?"

"చదువు విలువ తెలియకపోవడం."

"ఎవురికి, నాకా?" గొంతు లేచింది. "నా బిడ్డ క్లాసులో ఫస్టు వస్తాది. అయివార్ని అడుగు. మా అమ్మ ఉన్నన్నాళ్లు దానికాడ ఇడిచిపెట్టి వచ్చినాం. అది చచ్చిపోయినాది. హాస్టల్‌లో పెట్టినాం. అదీ మూసినారు. వయసుకొచ్చే ఆడపిల్లని ఒక్కదాన్ని ఇంట్లో పెట్టి తాళమేసుకుని రమ్మంటావా? నీకుండాది అవగాహన, నువ్వు చెప్పు."

"ఇతరం" మీద వేలు పెట్టాను.

"ఏం రాసినావు?"

"ఇతరం."

"అంటే?"

"మిగతావన్నీ."

"ఏసుకో. ఎప్పుడూ మేం దాంట్లోనే గదా ఉండేది." మళ్లీ తనే, "మేడం, హాస్టల్ తీస్తే చెప్పు. మర్నాడు పొద్దునకి తెచ్చి దించుతా. తియ్యకపోతే మళ్లా ఫోన్ చేసి ఆ పిల్లకి ఆశ పెట్టబాక" అన్నాడు.

నాలుగున్నరకు పదకొండో ఇల్లు పూర్తయింది. అప్‌లోడ్ నొక్కాను. పనిచేసే పిల్లల జాబితా దానంతటదే తయారై అధికారి ఆఫీసుకు వెళ్తుంది, అలా కట్టింది నేనే. అవ్వ మాకు రాగిసంకటి పెట్టింది. "ఇంత మాట్లాడినావు గదా, ఒక్కరైనా వస్తారా మే?" అంది. తెలీదవ్వా అన్నాను. మాస్టారు ఆ రోజు మొత్తంలో మొదటిసారి నవ్వాడు. "ఫొటో పెట్టేదా గ్రూపులో?"

శనివారం పొద్దున హెడ్ ఫోన్.

"పదకొండు ఇంటర్వ్యూలు. అన్నీ ఒకే రోజు. అన్నిటి లొకేషన్ ఒకే అరుగు. రికార్డింగుల్లో అన్నిట్లో అదే ముసలావిడ గొంతు, అదే మాస్టారు. సిస్టం దొంగ డేటా అని జెండా ఎగరేసింది. ఆ తనిఖీ కోడ్ ఎవరు రాశారో గుర్తుందా?"

గుర్తుంది. నేనే. ఫీల్డ్ వాళ్లు ఇళ్లకు వెళ్లకుండా ఒక చోట కూర్చుని సొంతంగా నింపేస్తారని, ఒకే చోటు నుంచి ఐదుకు మించి వస్తే పట్టుకునే కోడ్ నేనే రాశాను. దాన్ని చాలా గొప్పగా గ్రూపులో చెప్పుకున్నాను కూడా. గురువారం కోపంలో అసలు గుర్తే రాలేదు. వీధిలో నాలుగడుగులు వేసి ఒక్కో గుమ్మం ముందు ఫారం మూసినా దొరికేదాన్ని కాదు.

"ఇంకెవరైనా ఇలా చేసుంటే నువ్వేం చేసేదానివి?" అడిగాడు.

"పీకేసేదాన్ని."

"మరి?"

అంతే. మాస్టార్ని కూడా తీసేశారు. డాబా ఇళ్ల డేటాకు ఏ జెండా లేదు. గుమ్మం ముందే లొకేషన్, తీరిగ్గా కూర్చుని చెప్పిన జవాబులు, ఒక్క గడి ఖాళీ లేదు. మా సంస్థ చరిత్రలో నేను చేసిన ఒకే ఒక్క నిజమైన పని దొంగపని కింద జమైంది.

మధ్యాహ్నం ఆత్మకూరు నుంచి ఆ అధికారే ఫోన్ చేశాడు. "అమ్మా, ఆ లిస్టు వెనక్కి తీసుకుంటామని మీ హెడ్ మెయిల్ పెట్టినాడు. ఫైలు నిన్ననే పైకి పోయినాది. పోయిన ఫైలును వెనక్కి పిలిచే పని నేను పెట్టుకోను. ఆ పిల్లోళ్లు నిజంగా ఉండారు గదా?"

"ఉన్నారు సార్."

"అయితే సరే."

ఉద్యోగం ఎలాగూ లేదు కాబట్టి ఇంకో ఎనిమిది రోజులు మాస్టారి ఇంట్లోనే ఉన్నాను. రోజూ ఆత్మకూరుకు ఫోన్. ఆర్డరు వచ్చిందా? లేదమ్మా. నెల ముగియడానికి నాలుగు రోజులుందనగా వచ్చింది. ఆ నాయనకు నేను ఫోన్ చేయలేదు, మాస్టారితో చేయించాను. నా గొంతు వింటే నమ్మడేమోనని.

మర్నాడు పొద్దున్నే బస్సు దిగాడు, కూతుర్ని తీసుకుని. ఆమె వేళ్ల చివర్లు ఎర్రగా పొంగి ఉన్నాయి. చెంప మీద చెమటను మోచేత్తో తుడుచుకుంటోంది, చేతులు మొహానికి తగలకుండా. మిరపకోతకు వెళ్లినవాళ్లకు ఆ అలవాటు వచ్చేస్తుందట. నన్ను చూసి మాస్టారిని అడిగింది.

"ఫోన్లో అరిచిన మేడం ఈమేనా? లావుగా ఉంటాదనుకున్నానే."

వాళ్ల నాయన బడి గేటు దగ్గర సంచీ దించి, అటెండెన్సు రిజిస్టర్లో కూతురి పేరు ఉందో లేదో టీచరమ్మ చేత చదివించుకుని, అదే బస్సుకు తిరిగి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం కోత పోగొట్టుకోకూడదని. ఆ వారంలో ఇంకో ఏడుగురు వచ్చారు. ముగ్గురు రాలేదు. వాళ్ల మేస్త్రి ఇంకా దూరం తీసుకుపోయాడు. ఆ పిల్ల పరీక్ష రాసింది, తొమ్మిదిలోకి వెళ్లింది.

ఇక్కడ ఆపేస్తే మీకు బాగుంటుంది. ఆపను.

రిపోర్టు వచ్చింది. నున్నటి కాగితం, అట్టమీద నవ్వే పిల్లల బొమ్మ. పదకొండు ఇళ్లను దొంగ డేటా అని తీసేసి డాబా ఇళ్లను మళ్లీ పెట్టారు. వలసకూ పిల్లల పనికీ సంబంధం కనిపించలేదన్న వాక్యం నేను రాసింది రాసినట్టే ఉంది. ఇప్పుడు వేరే జిల్లాల్లో హాస్టల్ అడిగితే ఆ వాక్యం చూపిస్తున్నారని విన్నాను. విశ్లేషణ చేసినవాళ్ల చోట నా పేరుంది. తీసేయమని మూడు మెయిళ్లు పెట్టాను. జవాబు లేదు.

మీరు చేరబోయే ఉద్యోగంలో కూడా ఫీల్డ్‌లో ఎవరో ఒకరు మీకు విసుగు తెప్పిస్తారు. పని సాగనివ్వరు, పనికిరాని ఫొటోలు పంపుతారు, ఎదురు ప్రశ్నలేస్తారు. బస్సెక్కి ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి. నేను వెళ్లడానికి ఒక పిల్ల ఫోన్ ఎత్తాల్సి వచ్చింది.

నన్ను నిజంగా తినేసేది ఆ ఊరు కాదు. ఆ ఊరికి మాస్టారున్నాడు. నా లాగిన్ తీసేసే ముందు రోజు, వింజమూరు వైపు, కలువాయి వైపు పల్లెల డేటా తెరిచి చూశాను. అక్కడినుంచీ కోతలకు వెళ్తారు, అదే నెలల్లో, అలాగే ఇళ్లు మూసుకుని. అక్కడ ఎన్ని ఇళ్లు తాళం వేసి ఉన్నాయో చూద్దామనుకున్నాను. ఒక్కటీ నమోదు కాలేదు. ఒక్క ఫొటో లేదు, పక్క గడిలో ఒక్క నంబరు లేదు. ఏ పిల్లకు ఫోన్ చేయాలో కూడా తెలియదు.

అక్కడ పనిచేసినవాళ్లందరూ మొదటి రోజే నా మాట విన్నారు.